వాసన అనగా నేమి?



ఆదోనిలో ధనుర్మాస ఉపన్యాసములు ముగిసిన దినమున హారతి యయి, జనులు లేచి తీర్థము కొరకు బారులు తీరుచుండగా, వేదిక ప్రక్కన ఒక అవ్వ నిలిచియుండెను. కోసిగి వైపు పల్లెనుండి వచ్చినదట. ఆమె చేయి పట్టుకొని తొమ్మిది పదేండ్ల మనుమడు. ప్రసాదమునకు వచ్చినదేమో యనుకొంటిమి. ఆమె యడిగినది వేరు.

"సామీ, మా వంశంలో సదువు వాసన ల్యాదంట. మా ఊరి పెద్దాయన అన్నాడు. మీరు గంటసేపు వాసన, వాసన అని చెప్తిరి గదా. ఆ వాసన యాడ దొరుకుతాది?"

దగ్గర నున్నవారు కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ గంటసేపును మేము వాసనలు నశింపవలెనని చెప్పితిమి. ఆ అవ్వ వాసన కావలెనని అడిగినది. ఒకే మాట. మేము వదలుకొమ్మన్నదానిని ఆమె సంపాదింప గోరుచున్నది. అప్పటికి "దేవుడున్నాడవ్వా, పిల్లవానిని బడి మాన్పించకుము" అని మాత్రమే యని పంపివేసితిమి. అది సమాధానము కాదని ఆమెకు తెలియును, మాకును తెలియును. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

ముందుగా తెలుగువారు ఈ మాటను ఎన్ని విధముల వాడుదురో చూడుడు. ముక్కునకు తెలియునది వాసన. మల్లెపూవుది వాసనయే, మురుగు కాలువది వాసనయే. మంచిదని చెప్పదలచిన సువాసన యందుము, చెడ్డదైన కంపు అందుము. మన సరిహద్దు పల్లెలలో కన్నడము మాటాడువారు 'వాసనె' యన్నచో చాలమట్టుకు దుర్వాసనయే. హిందీలో 'వాసనా' యన్న కామవికారము. కావున హిందీ వచ్చినవారు మన పురాణ ప్రవచనములో 'పూర్వజన్మ వాసన' యని విని ఒకింత కంగారు పడుటయు కద్దు. తెలుగులో ఆ యిబ్బంది లేదు. "వానికి సంగీతపు వాసన గలదు", "ఆ యింట అక్షరవాసన లేదు", "పదవి పోయినను పాత వాసనలు పోలేదు" అందుము. పత్రికలవారు భూస్వామ్య వాసనలని వ్రాయుదురు. కోరిక, అలవాటు, అభిరుచి, పట్టుదల, దురభిమానము, లోలోపల నిలిచిపోయిన భావము: ఇన్నింటికిని తెలుగువాడు ముక్కుతో తెలిసికొను మాటనే వాడుచున్నాడు. కంటితో చూచునది ఎదుట నుండవలెను. వాసన యట్లు గాదు. వస్తువు తీసివేసిన తరువాత మిగులునదే వాసన. ఇంగువ కట్టిన గుడ్డ యని మన పెద్దలు ఊరకే యనలేదు. ఇంగువ ఏనాడో అయిపోయినది, గుడ్డ ఇంకను చెప్పుచునే యున్నది.

సంస్కృతమున 'వస' అను ధాతువునకు నివసించుట యను అర్థము గలదు. వాసము, నివాసము, వసతి అను మాటలు అందుండి వచ్చినవి. 'వస' యనునదే కప్పుకొనుట యను అర్థమున వేరొక ధాతువు. వస్త్రము, వసనము దానినుండి పుట్టినవి. ఇక పరిమళము పట్టించుట యను అర్థమున వాసితము, అధివాసము, వాసన. వ్యాకరణము వీనిని వేరువేరుగనే లెక్కించును. అయినను వినువాని చెవిలో మూడును కలియును. లోపల నివసించునది, పైన కప్పునది, అణువణువునకు పట్టినది. వేదాంతులు ఈ మాటనే ఏరుకొనుట కాకతాళీయమని మేమనుకొనము.

వసనమునకును వాసనకును గల పోలిక పుస్తకము చూచి మాకు తెలిసినది కాదు, ఎమ్మిగనూరు మగ్గములను చూచి తెలిసినది. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఊరది; పడుగు పేకల సంగతి అచ్చట మేము చెప్పిన నవ్వుదురు. అయినను తక్కిన ఊళ్లవారి కొరకు చెప్పుచున్నాము. నేసిన గుడ్డపై అచ్చు వేసినచో రంగు పైపైన నుండును. నూలునే రంగులో ముంచి తరువాత నేసినచో రంగు గుడ్డకు లోపలనుండి వచ్చును. చిరిగిన చోట కూడ అదే రంగు కనబడును. నూలు చిలపలను కాగుచున్న రంగునీటిలో ముంచి, త్రిప్పి, మరల ముంచి, నీడన ఆరవేయుదురు. ఒక్క ముంపుతో నిలుచునది పక్కా రంగు కాదు. మనస్సుపై అనుభవము పడుటయు రెండు విధములు. ఒకనాడు విని మరచినది అచ్చు వంటిది. చిన్ననాటినుండి ఇంటిలో, వీధిలో, గుడిలో, పంటచేలో మరల మరల విన్నది నూలుకు పట్టిన రంగు. దానితోనే మనము నేయబడితిమి. అందువలననే మనలో నున్న గాఢమైన భావములు మనకు భావములుగా తోచవు. అవి మనమే యని తోచును.

యోగవాసిష్ఠము వాసనకు ఒక లక్షణము చెప్పినది. భావము: గట్టిపడిన భావన చేత, ముందు వెనుకల విచారణ మాని, ఒక వస్తువును చప్పున పట్టుకొనుటయే వాసన. ఇచ్చట ముఖ్యమైనది ముందు వెనుకల విచారణ మానుట. ఒకడు ఆలోచించి, తూచి, ఒక అభిప్రాయమునకు వచ్చెనేని అది నిశ్చయము. ఆలోచనకు చోటీయక ముందే చేయి చాచినచో అది వాసన. అభిప్రాయము మంచిదా చెడ్డదా యనునది తరువాతి మాట. మంచి పనియు వాసనచేత చేయవచ్చును, చెడ్డ పనియు చేయవచ్చును.

14వ శతాబ్దిలో విజయనగర కాలమున శృంగేరి పీఠమునలంకరించిన విద్యారణ్యస్వామి తమ జీవన్ముక్తివివేకమున ఈ లక్షణమునే గ్రహించి, దానికి ఉదాహరణముగా ఏమి చెప్పిరో గమనింపుడు. కామమని చెప్పలేదు, క్రోధమని చెప్పలేదు. ఎవరి దేశాచారముపై వారికి, ఎవరి కులధర్మముపై వారికి, ఎవరి భాషపై వారికి, ఆ భాషలో ఇది మంచి మాట ఇది చెడ్డ మాట యను పట్టింపుపై వారికి గల అభినివేశమే వాసనకు సామాన్యమైన ఉదాహరణమనిరి. తుంగభద్రా తీరమున కన్నడమును తెలుగును కలగలిసిన సీమను ఎరిగిన మహనీయుని కలమునుండి ఈ మాట వచ్చుట మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. ఆదోని బజారులో నేటికిని ఒకే బేరము తెలుగున మొదలై కన్నడమున సాగి ఉర్దూలో ముగియును. అయినను ఇంటికి వచ్చి తలుపు వేసికొనిన తరువాత ఎవరి మాట వారికి గొప్ప. అదియే వాసన.

వారు మలినవాసనలను మూడుగా విభజించిరి: లోకవాసన, శాస్త్రవాసన, దేహవాసన. అందరును నన్ను మెచ్చుకొనవలె ననునది లోకవాసన. శ్రీరామచంద్రుని, సీతామాతను కూడ నిందించిన లోకము ఎవరిని మెచ్చును? దేహమే నేనని దానిని సింగారించుకొని మురియుట దేహవాసన. దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరికిని అద్దము గలదు. శాస్త్రవాసనను గూర్చి మాత్రము మావంటి ఉపన్యాసకులు కొంచెము ఆగి ఆలోచింపవలెను. దుర్వాసమహర్షి గ్రంథముల మోపుతో శివుని సన్నిధికి వెళ్లగా, నారదుడు ఆయనను బరువు మోయు గాడిదతో పోల్చెనట. ఆయన సిగ్గుపడి ఆ గ్రంథములను సముద్రమున పడవేసెనని విద్యారణ్యులు ఉదాహరించిరి. అవ్వ అడిగిన ప్రశ్నకు మేము ఆనాడు తడబడుటకు కారణము కూడ శాస్త్రవాసనయే కావచ్చును. మా నోట వాసన యను మాట గ్రంథములోని అర్థముననే తిరుగుచుండెను. ఆమె దానిని జీవితములో వాడెను.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. 'మీ వంశమున చదువు వాసన లేదు' అని ఆ ఊరి పెద్ద యన్నప్పుడు ఆయన వాసన యను మాటను ఏ యర్థమున వాడినట్లు? పుట్టుకతో వచ్చి పుడకలతో పోవు బుద్ధి యను అర్థమున వాడినాడు. అనగా స్వభావమని. ఇచ్చటనే మాట దారి తప్పుచున్నది. స్వభావమనగా వస్తువుతో కూడ ఉన్నది, నిప్పునకు వేడి. వాసన యనగా వచ్చి పట్టినది, గుడ్డకు ఇంగువ. శాస్త్రకారులకు స్వభావమనియే చెప్పదలచినచో ఆ మాట లేకపోలేదు. వాసన యను మాటను ఎంచుకొనుటలోనే 'ఇది బయటనుండి వచ్చినది' అను సాక్ష్యము గలదు. బయటనుండి వచ్చిన దానిని పోగొట్టవచ్చును. లేనిదానిని పట్టించను వచ్చును. ఆ పెద్దమనిషి శిక్ష వేయదలచి పలికిన మాటయే ఆ పిల్లవాని పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.

"జీవులకు స్వభావభేదము గలదని మన మధ్వసిద్ధాంతము చెప్పుట లేదా?" యని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మంత్రాలయము ప్రక్కనే యుండగా ఈ ప్రశ్నను దాటవేయుట తగదు. ద్వైతమతమున జీవస్వరూపమునకు సహజమైన యోగ్యత గలదనుట నిజము. కాని ఆ మతముననే వాసనలు స్వరూపమున గాక మనస్సున నుండునవిగా చెప్పబడినవి. శ్రీమధ్వాచార్యులు స్వప్నమును గూర్చి చెప్పిన విషయమును తలచుకొనుడు: మనస్సున నిలిచియున్న వాసనలనే సామగ్రిగా తీసికొని భగవంతుడు జీవునకు కలలోని వస్తువులను సృజించి చూపునని వారి సిద్ధాంతము. కుమ్మరికి మన్ను ఎట్టిదో స్వప్నమునకు వాసన యట్టిది. మన్ను స్వరూపము కాదు. ఇక స్వరూపమును చూచి తీర్పు చెప్పుట భగవంతునికి తెలిసిన పని. ఒక పిల్లవాని ముఖమును, వాని తాత చేసిన వృత్తిని చూచి స్వరూపయోగ్యతను నిర్ణయించు అధికారము ఏ ఆచార్యుడును ఊరి పెద్దలకు ఇచ్చి యుండలేదు.

ఆదోనివారికి ఈ విషయమున ఒక కథ యింటి సొత్తుగా గలదు. దివాను వెంకన్న కథ మీకందరకు తెలిసినదే. తల్లిదండ్రులు లేక, బంధువుల యింట పశువులను కాచుకొనుచు, అక్షరము ముక్క యెరుగని బాలుడు వెంకన్న. సంచారమున నున్న శ్రీరాఘవేంద్రస్వామివారిని దర్శించి తన దురవస్థ చెప్పుకొనగా, కష్టము వచ్చినప్పుడు నన్ను స్మరింపుమని స్వామి ఆశీర్వదించిరి. తరువాత ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ గుఱ్ఱముపై వచ్చుచుండగా వార్తాహరుడు ఒక లేఖ తెచ్చెను. నవాబు దారిలో కనబడిన ఈ బాలుని చదువుమనెను. తనకు చదువు రాదన్నను వినక గద్దించెను. వెంకన్న గురువును స్మరించి లేఖ చేత బట్టుకొనగా అక్షరములు నోట పలికినవి. లేఖలో శుభవార్తయే యున్నది. నవాబు మెచ్చి కొలువున చేర్చుకొనెను, క్రమముగా అతడు దివానయ్యెను. మంచాల గ్రామము స్వామివారికి దక్కుటలో అతడు తోడ్పడెనని, 1671లో స్వామి అచ్చటనే బృందావన ప్రవేశము చేసిరని మనకు తెలియును.

ఈ ఐతిహ్యమును మనము మహిమగా చెప్పుకొందుము. తప్పు లేదు. కాని ఇందున్న మరియొక విషయమును ఎవరును చెప్పగా మేము వినలేదు. వెంకన్న బ్రాహ్మణ బాలుడేయని కథ చెప్పును. అనగా వంశమున చదువు ఉన్నది, పిల్లవానికి లేదు. వంశమే వాసనను ఇచ్చునదైనచో పశువుల వెంట తిరిగినంత మాత్రమున అది యెట్లు పోయినది? పోషించువారు లేక పోయినది. చేరదీసిన గురువు వలన వచ్చినది. మరియు స్వామివారు ఆ బాలుని చూచి "నీకు చదువు వాసన లేదు" అనలేదు. "నన్ను తలచుకొనుము" అనిరి. తీర్పు చెప్పుటకును తోడు నిలుచుటకును గల వ్యత్యాసము ఇంతయే.

వాసన యను మాటను ఒకని పుట్టుకపై ముద్రగా వేయుట ఒక దోషము. ఊరంతయు కలిసి చేయు దానికి కవచముగా తొడుగుట మరియొక దోషము. దీనిని చెప్పుటకు కొంత జంకు గలదు. అయినను ఆదోని ప్రాంతమున వాసనను గూర్చి వ్రాయుచు దేవరగట్టును దాటిపోయినచో వ్యాసము అసత్యమగును.

హొళగుంద మండలమున దేవరగట్టు కొండపై మాళ మల్లేశ్వరస్వామి వెలసి యున్నాడు. మణి, మల్లాసురులను సంహరించిన స్వామి. విజయదశమి నాటి రాత్రి స్వామి కల్యాణమైన తరువాత ఉత్సవమూర్తులు కొండ దిగును. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామముల వారు మూర్తులను కాపాడుకొనుచు ఒక వైపు, చుట్టుపట్ల పల్లెల వారు మరియొక వైపు. దివిటీల వెలుగులో ఇనుప కట్లు తొడిగిన కర్రలు లేచును. దీనినే బన్ని యందురు. ఏటేట పదులకొలది జనులకు తలలు పగులుచున్నవి. ప్రాణములు పోయిన సంవత్సరములును గలవు. పోలీసులు నెలముందునుండి ఊరూర సభలు పెట్టి నచ్చజెప్పుదురు, కర్రలు స్వాధీనము చేసికొందురు, వైద్యశిబిరములు పెట్టుదురు. ఆ రాత్రికి కర్రలు ఎచ్చటినుండియో వచ్చును.

అందు పాల్గొనువారి మాటయు వినవలెను. "ఇది పగతో చేయు కొట్లాట కాదు, స్వామిని తాకవలెనను తహతహలో తగిలిన దెబ్బలు, గాయముపై బండారు చల్లుకొన్న మానును, మా తాతముత్తాతలనుండి వచ్చినది, మా రక్తములో నున్నది" అందురు. పగ లేదనుట మేమును నమ్ముచున్నాము. మరునాడు ఆ పల్లెల వారే ఒకరి యింట నొకరు భోజనము చేయుదురు. కాని "మా రక్తములో నున్నది" యను మాట వద్ద ఆగి, విద్యారణ్యులు గ్రహించిన లక్షణమును తలచుకొనుడు. ముందు వెనుకల విచారణ మాని పట్టుకొనునది వాసన. స్వామి కల్యాణము సంప్రదాయము. మూర్తుల ఊరేగింపు సంప్రదాయము. రాక్షససంహారమును స్మరించుట సంప్రదాయము. ఇరువదియేండ్ల యువకుని తల పగులుట ఏ కల్పమున చెప్పబడినది? అది సంప్రదాయపు గుడ్డలో ఏనాడో కట్టిన ఇంగువ. స్వామికి అక్కరలేదు. రక్తములో నున్నదన్నది నిజమైనచో అది పసిబిడ్డకును ఉండవలెను. పసిబిడ్డకు కర్ర పట్టుట ఎవరో నేర్పవలసియున్నది కదా. నేర్పబడినది రక్తములోనిది కాదు.

ఈ మాట వ్రాసినందులకు కొందరు భక్తులకు కోపము రావచ్చును. వచ్చినను స్వామియెడల మాకు భక్తి తక్కువయని మాత్రము అనుకొనవలదు.

అట్లయిన వాసనను పోగొట్టుట యెట్లు? తెలుగులో మనము 'పాతుకొనిపోయిన భావములు' అనియు అందుము. అది చెట్టుపోలిక. నల్లరేగడి రైతును గరికను గూర్చి అడుగుడు. పైన కోసిన లాభము లేదు, లోతుగా త్రవ్విన తునకలై ప్రతి తునకయు చిగురించును. పాతుకొనినదానిని పెరికివేయవలె ననుకొనువారు సాధారణముగా తిట్టుటకు దిగుదురు. "మూఢులారా, మానుడు" అందురు. తిట్టిన వాసన పోయిన దాఖలా మేమెచ్చటను చూడలేదు. మరింత గట్టిపడినది మాత్రము చూచితిమి. వాసన యను పోలికలో వేరొక ఉపాయము గలదు. ఉల్లి ఒలిచిన చేతిని నరుకుకొనము. చింతపండుతో తోముకొందుము. వాసనను వాసనయే పోగొట్టును. అందుచేతనే వాసిష్ఠము వాసనయను నది శుభమార్గమునను అశుభమార్గమునను ప్రవహించుననియు, పురుషప్రయత్నముచేత దానిని శుభమువైపు మళ్లింపవలెననియు బోధించెను. నదికి అడ్డము నిలువుమనలేదు. తుంగభద్ర దిగువ కాలువ క్రింద వ్యవసాయము చేయువారికి ఈ పోలిక వివరింపనక్కరలేదు. నీటిని ఆపుట వేరు, తూము త్రిప్పుట వేరు.

పతంజలి మహర్షి కైవల్యపాదమున ఇంకను నిర్దిష్టముగా చెప్పెను. వాసనలు అనాదియైనను నాలుగింటిపై ఆధారపడి నిలుచుచున్నవి: హేతువు, ఫలము, ఆశ్రయము, ఆలంబనము. ఇవి లేనినాడు వాసనయు లేదు. చదువవలసిన సూత్రములలో ఇదియొకటి. ఏలనన, ఇది మన దృష్టిని వాసన నుండి దానిని నిలబెట్టుచున్న వస్తువులవైపు త్రిప్పును. ఎమ్మిగనూరు అద్దకపువారు దీనినే మరియొక భాషలో చెప్పుదురు: కాగిన నీటిలో పట్టిన రంగును తీయవలెనన్న మరల కాగిన నీటిలోనే వేయవలెను. చల్లనీటిలో పిండిన లాభము లేదు. ఏ వేడిమిలో వాసన పట్టినదో తెలిసికొనక దానిని తీయ బూనుట చల్లనీటిలో పిండుటయే.

అవ్వ యింటి సంగతికి ఈ సూత్రమును అన్వయించి చూతము. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళము, హొళగుంద మండలములలో వానలు తప్పిన సంవత్సరమున ఏమగునో ఈ పుస్తకము చదువువారిలో చాలమందికి తెలియును. పంట చేతికి రాదు. సంక్రాంతి దరిదాపుల కుటుంబములకు కుటుంబములు గుంటూరు వైపు మిరప కోతలకు లారీలెక్కును. ముసలివారు ఇంటి వద్ద నుందురు, లేదా వారును వెళ్లుదురు. పిల్లవానిని ఎవరి వద్ద విడుతురు? తీసికొని పోవుదురు. మూడు నాలుగు నెలలు వాడు మిరపచేలో ఉండును. తిరిగి వచ్చునప్పటికి వాని తోటివారు పుస్తకము ముగించి యుందురు. వీడు వెనుక బల్లపై కూర్చుండును, తరువాత కూర్చుండడు. వలస పిల్లలకు ప్రభుత్వము తాత్కాలిక వసతిగృహములు నడిపిన సంవత్సరములు గలవు. అవి సరిగా నడచినచోట పిల్లలు నిలిచిరి. అనగా ఆశ్రయము దొరికినచోట వాసన పట్టినది.

దీనిలో వంశమేది? హేతువు వాన లేకపోవుట. ఫలము నాలుగు రూకలు. ఆశ్రయము లారీలో చోటు చేసికొనిన కుటుంబము. ఆలంబనము మిరపచేను. ఈ నాలుగింటిని వదలి "చదువు వాసన లేదు" అనుట, పూలబుట్టను ఇంటిబయట నుంచి లోపల పరిమళము లేదనుట వంటిది.

పూలను గూర్చి తలంపు వచ్చినది గనుక నువ్వుల సంగతి చెప్పి ముగింతుము. పూర్వము పరిమళతైలము చేయువారు నువ్వులను పరచి, వానిపై మల్లెపూలు పరచి, మరల నువ్వులు, మరల పూలు, ఇట్లు దొంతులు పెట్టి రాత్రియంతయు కప్పి యుంచెడివారు. తెల్లవారి వాడిన పూలను ఏరివేసి క్రొత్త పూలు. ఇట్లు కొన్ని రాత్రులు. తరువాత ఆ నువ్వులను గానుగ ఆడించిన నూనెకు మల్లె పరిమళము వచ్చును. నువ్వు ఏమియు చేయలేదు, ప్రక్కన పడియుండెను. అయితే పూవు ప్రక్కన పడియుండెను, ఒక్కరాత్రి గాక పెక్కు రాత్రులు పడియుండెను, మధ్యలో ఎవరును ఎత్తుకొనిపోలేదు. నువ్వులు ఏ చేనిలో పండినవని పూవు అడుగలేదు.

గీతలో భగవానుడు గాలి పూలనుండి గంధమును తీసికొనిపోవునట్లు జీవుడు దేహమును విడుచునప్పుడు మనస్సుతో కూడిన ఇంద్రియములను తీసికొనిపోవునని చెప్పెను. యోగభ్రష్టుని ప్రసంగమున, మునుపటి అభ్యాసమే వానిని వివశునిగా ముందునకు లాగుకొనిపోవుననియు చెప్పెను. జన్మాంతర వాసనను మేము కాదనుట లేదు. కాని ఆ జన్మాంతర వాసనయు ఒక జన్మమున ఎవరో అభ్యాసము చేసినందుననే కలిగినది కదా. ఆ 'పూర్వజన్మము' ఒకనికి ఇదియే యగుగాక. ఈ పిల్లవాడు నేడు దిద్దు అక్షరములే రేపటి పూర్వవాసన కావచ్చును.

కట్టకడపట శుభవాసనను కూడ విడువవలెనని శాస్త్రము చెప్పును. దానిని మేము మరువలేదు. అది విద్యారణ్యుల స్థాయిలో నున్నవారు విడువవలసిన సంగతి. పలకయే లేని పిల్లవానికి శాస్త్రవాసనను విడువుమని బోధించుట, ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుట వంటిది. ధనుర్మాసమున మేము చేసిన పొరపాటు సరిగా ఇదియే.

ఆ అవ్వ పేరు అడుగలేదు. మహాశివరాత్రికి కోసిగి దారిన వెళ్లవలసియున్నది, వాకబు చేయుదుము. ఆమె "ఆ వాసన యాడ దొరుకుతాది?" అని అడిగెను. "అవ్వా, పుస్తకమున్న చోట పిల్లవాడు కూర్చున్నచో అచ్చటనే దొరకును. వానిని నాలుగు నెలలు అచ్చటనుండి లేపకుండుటకు ఏమి చేయవలెనో మనము కూర్చుండి మాటాడుకొందము" అని చెప్పవలెనని యున్నది. ఈ పుస్తకము చదివినవారిలో ఆ వైపు గ్రామములవారెవరైన నున్నచో, తమ యూర ఈ సంవత్సరము వలస వెళ్లిన యిండ్లలో పిల్లలెందరు ఉండిపోయిరో, ఎందరు వెళ్లిరో కనుగొని మాకు తెలుపగోరుచున్నాము.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు